ఎవరూ తొక్కని అంటు

గోటితో ఇంకొక్కసారి గీరి చూస్తే ఏం పోతుంది అనుకుంది బాలామణి, అనుకుని చేయి చాపి మళ్ళీ వెనక్కి లాక్కుంది, పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి కాబట్టి, ఆ జాజి పుల్ల ఉన్నదే మోకాలెత్తు కాబట్టి, దానిమీద తన గోరు పడని చోటు బెత్తెడు కూడా మిగల్లేదు కాబట్టి. గీరినప్పుడల్లా తోలు కింద పచ్చగానే ఉంది. పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే కదా. ఉన్నట్టే, కానీ అది పదింటి మాట, ఇప్పుడు మూడవుతోంది, ఈ అయిదు గంటల్లో లోపల ఏం జరిగిందో ఎవరు చెప్పొచ్చారు. సౌదీలోని ఈ తబూక్‌లో ఫిబ్రవరి ఎండ వెలుగుకే గాని వెచ్చదనానికి పనికిరాదు. స్వెట్టరు మీద ఆయన పాత కోటు తొడుక్కుని, గోడ పక్కన బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుంది. శుక్రవారం కాబట్టి వీధి వీధంతా అన్నం తిని పడుకుంది. భర్త సుబ్బరామయ్య గారి గురక కిటికీలోంచి వినిపిస్తోంది. సుప్రజ గడప మీద కూర్చుని లెక్కలు చేస్తోంది, అంటే లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అమ్మని కనిపెడుతోంది. రేపు శనివారం. రేపు పొద్దున్నే ఇంటి ఓనరు మనుషులు ఈ పాత గోడ పడగొట్టి, కొత్త గోడకి ఇటొక గజం అటొక గజం పునాది తవ్వుతారు. గోడకి అటువైపున్న తల్లి పొదని నిన్ననే గొలుసు కట్టి బండితో లాగేశారు. ఇక మిగిలింది ఈ పుల్ల ఒక్కటే. దీన్ని ఇవాళ లేపాలి, లేపి వంటింటి గోడ వారన తవ్వుంచిన గుంటలో పెట్టాలి. నాలుగింటికి తోటపని చేసే అంజన్న వస్తానన్నాడు. వస్తాడా? వచ్చేవాడే, కాని దారిలో బండి ఆగిపోతేనో, వాళ్ళ తోటలో ఏదైనా పని పడితేనో, పోనీ వచ్చి తీశాక కింద అసలు వేరే లేకపోతేనో.

వేరు ఉందా. అదీ అసలు సంగతి. ఉండాలి. కానీ మట్టిలో ఏముందో పైనుంచి ఎలా తెలుస్తుంది. చిన్నప్పుడు కడియంలో అమ్మ నర్సరీ పనికి వెళ్తే తనూ వెనకాలే వెళ్ళేది, ఏడో తరగతితో చదువు ఆగిపోయాక రోజూ వెళ్ళేది, జాజికీ విరజాజికీ అంట్లు తొక్కేవాళ్ళు, కొమ్మని వంచి, కణుపు దగ్గర కత్తితో చిన్న గాటు పెట్టి, మట్టిలో పడుకోబెట్టి, పైన గుప్పెడు పేడమట్టి వేసి, కాలి మడమతో ఒక్క తొక్కు తొక్కి, లేవకుండా ఒక పెంకు పెట్టి ముందుకి పోవడమే. అమ్మ మడమ కింద నుంచి ఒక్క పూటలో రెండొందల కొమ్మలు భూమిలోకి వెళ్ళేవి. అమ్మ ఎప్పుడూ తవ్వి చూసేది కాదు. తనే, అమ్మ అటు తిరగ్గానే పెంకు తీసి, మట్టి కెలికి, చూసేది. కణుపు దగ్గర మొదట తెల్లగా బుడిపె లేచేది, పాల పన్ను వచ్చే ముందు పసిదాని చిగురు లాగ. దాన్ని చూస్తే ఒళ్ళు జలదరించేది, భయంతో కాదు, మరి దేనితోనో, ఆకు రావలసిన చోట వేరు రావాలని దానికి ఎవరు చెప్పారు, చీకట్లోకి పెట్టగానే ఆ కణుపు మనసెలా మార్చుకుంది, అదే కణుపు, అదే కొమ్మ. అమ్మ చూసి వీపు మీద ఒక్కటి వేసేది. కెలికినవన్నీ కుళ్ళిపోతాయే, దానికి గాలి తగలకూడదు, నువ్వు చూడకపోతేనే అది పుడుతుంది. అయినా చూసేది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి, కూతురు గడప మీద కూర్చుని చూస్తోంది, అయినా వేలి చివర ఆ మట్టి వైపే లాగుతోంది.

ఈ అంటు మాత్రం ఎవరూ తొక్కింది కాదు. గాటు పెట్టలేదు, పెంకు పెట్టలేదు. అటువైపు ఇంట్లో ఉమ్ సాలెం ఉండేది, యెమెన్ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, నవ్వితే పైపళ్ళ మధ్య సందులోంచి ముందు గాలి వచ్చేది. గోడ మీంచి జాజి కొమ్మలు ఇటు వాలితే, అవి మీవే కోసుకో అన్నట్టు చేతులు తిప్పేది. ఆమెకి తెలుగు రాదు, తనకి అరబ్బీ పది మాటలు, ఆ పదీ కూరగాయల కొట్టు మాటలు. ఒక చలికాలం సుప్రజకి జ్వరం వచ్చి కళ్ళు తేలేసినప్పుడు ఆయన ఆసుపత్రి డ్యూటీలో ఉన్నాడు, తాను గోడ దగ్గర నిలబడి ఏమని అరిచిందో తనకే తెలియదు, తెలుగులోనే అరిచి ఉంటుంది, ఉమ్ సాలెం గోడెక్కి దూకింది, ఆ లావు మనిషి, దూకి, బొగ్గు కుంపటి ఆర్పించి, తలుపులు తెరిపించి, బిడ్డని తడి దుప్పట్లో చుట్టి, ఆ వేడి దిగేదాకా కూర్చుంది. అలాంటి మనిషి, తొంభయ్యో సంవత్సరం అక్టోబరులో, కువైట్ గొడవ మొదలయ్యాక, యెమెన్ వాళ్ళకి ఇక్కడ ఉండడానికి కొత్త కాయితాలు కావాలన్నారు, ఆమె మొగుడికి ఆ కాయితాలు దొరకలేదు, వారంలో ఇల్లు ఖాళీ చేశారు. లారీ ఎక్కించేవాళ్ళు ఇనప బీరువా తెచ్చి గోడకి ఆనించారు, జాజి పొద దానికింద నలిగి గోడ మీంచి ఇటు ఒరిగింది, మూడు కొమ్మలు వచ్చి తాను బట్టలుతికిన నీళ్ళు పారే చోట బురదలో పడ్డాయి. బీరువా పోయాక కూడా అవి లేవలేదు. లారీ కదిలేముందు ఉమ్ సాలెం గోడ దగ్గరికొచ్చి పొదని చూపించింది, తన గుండె మీద చేయి పెట్టుకుంది, మళ్ళీ బాలామణి వైపు చూపించింది, అంటే నేను వచ్చేదాకా నువ్వు చూసుకో అని. అంతకన్నా తేటగా ఏ భాషలో చెప్తారు. బాలామణి తలూపింది. ఆ తలూపడమే ఇప్పుడు ఈ డబ్బా మీద కూర్చోబెట్టింది. ఊపే ముందు, ఎప్పుడు తియ్యాలి, ఎలా తియ్యాలి అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఏ మాటల్లో అడిగేది.

ఆ తరవాత యుద్ధం. ఆసుపత్రి వాళ్ళకి సెలవులు ఆపేశారు, ఊరెళ్ళడానికి లేదు. గ్యాస్ బాంబులు వేస్తారేమోనని ఒక గది కిటికీలకి ప్లాస్టిక్ కాయితం అంటించి, తలుపు కింద తడి తువ్వాలు పెట్టి, రబ్బరు ముసుగులు మంచం కోళ్ళకి తగిలించుకుని కూర్చున్నారు. దేశానికి ఆ చివర ధహ్రాన్ వైపు ఏదో పడిందని రేడియోలో చెప్తే ఇక్కడ బాలామణి చెంబులో నీళ్ళు పారబోసి కొత్తవి పట్టేది. యుద్ధం మొదలై రెండు వారాలు, ఒకరోజు పొద్దున్నే పెరట్లోకి వచ్చి చూస్తే జాజికి ఒక్క ఆకు లేదు. గోడకి ఇటూ అటూ నేలంతా పసుపు. మోదుగు ఆకు రాలుస్తుంది, టేకు రాలుస్తుంది, జాజి ఇలా నున్నగా రాల్చేయడం ఆమె పుట్టి ఎరగదు. ఇంకేముంది. సుప్రజకి ముసుగు తొడిగి, తను తొడుక్కుని, ఆయన పనిచేసే ఆసుపత్రి ఎక్స్‌రే గదికి ఫోను చేసింది. ముసుగులోంచి మాట వినిపించక మళ్ళీ తీసి చెప్పింది.

"ఏవండీ, గ్యాస్ వచ్చేసిందండీ! జాజి మొత్తం ఆకు రాల్చేసింది!"

"జాజికి వచ్చి నాకెందుకు రాలేదే? నేనిక్కడ టీ తాగుతున్నాను."

"తాగకండి!"

ఇప్పటికీ ఆ గదిలో ఎవరైనా టీ కప్పు ఎత్తితే పక్కవాడు తాగకండి అంటాడట. నవ్వుకోనీ. నవ్వులాటకేం గాని, ఆ రోజే మొదటిసారి గోటితో గీరింది, చచ్చిందని రూఢి చేసుకుందామనే గీరింది, పచ్చగా తడిగా కనపడేసరికి ముసుగు నుదుటి మీదికి నెట్టేసి అలాగే నిలబడిపోయింది. గ్యాస్ అయితే ఆకుని చంపి కొమ్మని వదులుతుందా. మరి ఆకుని ఎవరు చంపారు. ఎవరూ చంపలేదు, అదే వదిలేసుకుంది. ముందు రోజుల్లో బకెట్లో నీళ్ళ మీద గాజుపెంకు లాగ మంచు కట్టింది, అది పుల్లకి తెలిసింది. చలి వస్తోందని దానికి ఎలా తెలుసు, ఇంకెన్నాళ్ళుంటుందో తెలుసా, తెలియకపోతే అంత ఆస్తిని ఏ ధైర్యంతో పారేసుకుంది. సైరన్ మోగి ప్లాస్టిక్ గదిలో కూర్చున్నప్పుడు కూడా ఇదే ఆలోచన. పక్కన పిల్ల గుండె దడదడలాడుతుంటే, తన గుండె ఇంకా దడదడలాడుతుంటే, బయట ఆ పొద మాత్రం ఏం చేస్తున్నట్టు. నిద్రపోతోందా. చెట్టు నిద్రపోతే లోపల ఏముంటుంది. ఫిబ్రవరి చివర యుద్ధం ఆగింది, మార్చిలో పొద నిండా చిగుళ్ళు వచ్చాయి. మూడు కొమ్మలూ నేలలో పట్టుకుని ఉన్నాయి, లాగితే రాలేదు. లాగి చూసింది, అవును, లాగింది.

మరి రెండింటిని చంపింది ఎవరు. తనే. ఊరి నుంచి తెప్పించుకున్న తెలుగు క్యాలెండరు వంటింట్లో ఉంది, దాంట్లో జూన్‌లో మృగశిర కార్తె అని రాసి ఉంటే, అమ్మ మృగశిరకే కదా అంట్లు వేరుచేసేది అని, స్నానం చేసి, పసుపు రాసిన కత్తితో మొదటి కొమ్మని కోసి, లేపి, నాటింది. మృగశిర అంటే తొలకరి. తొలకరి అంటే కడియంలో. తబూక్‌లో ఆ వేళకి గోడ ముట్టుకుంటే చేయి కాలుతుంది. నాలుగు రోజుల్లో పుల్ల వేపుడైంది. క్యాలెండరులో అచ్చేసినవాడు అబద్ధం రాయలేదు, వాడికి తబూక్ తెలియదు, అంతే. పోనీ వాన చూసి చేద్దామనుకుంది. డిసెంబరులో మంచి వాన పడింది, మట్టి వాసన లేచింది, ఆ వాసనకి ఒళ్ళు మరిచిపోయి, ఇదే తొలకరి అనుకుని రెండోది తీసింది. వారం తిరక్కుండా మంచు కొరికేసింది. వేళ్ళు కొత్త మట్టిని పట్టుకునే లోపలే నేల బిగుసుకుపోయిందట. ఇది అంజన్న చెప్పాడు, చచ్చినదాన్ని తీసి చూపిస్తే.

అంజన్నది జగిత్యాల వైపు, ఇక్కడ తబూక్ బయట గులాబీ తోటలో పని. వేలికి కట్టు కట్టించుకోవడానికి ఆసుపత్రికి వచ్చి తెలుగు వినపడిందని సుబ్బరామయ్య గారి వెనకాలే ఇంటికి వచ్చి అన్నం తిని వెళ్ళాడు, అప్పటి నుంచి చుట్టం. అతను ఎండిన పుల్లని తిప్పి తిప్పి చూసి, "అక్కా, గీడ వాన మాట ఇనొద్దు. క్యాలెండరు మాట అసలే ఇనొద్దు. చలి ఎనక్కి తిరిగేదాక ఆగాలె, ఆకు ఇచ్చుకోకముందే తియ్యాలె. గా నడిమిట్ల ఉంటది దాని యాళ్ల" అన్నాడు. ఎన్ని రోజులుంటుంది ఆ నడిమి అంటే, ఒక ఏడు పదిహేను, ఒక ఏడు వారం, నన్నడిగితె నేనేం జెప్త, దాన్నే అడుగు అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు, ఒకేసారి కోసి ఒకేసారి లేపితే తట్టుకోలేదు, ముందు తల్లి నుంచి కోసెయ్యి, కోసి కదపకుండా ఉన్నచోటే ఉంచు, ఇరవై రోజులు సొంతంగా తాగనీ, అప్పుడు లేపు. అలాగే జనవరి చివర కోసింది. కోసిన చోట, ఇదిగో ఇక్కడ, వంకరగా తెగింది. ఈ ఇరవై రోజులూ అది దేన్ని తాగి బతుకుతోంది. తల్లి లేదని దానికి తెలిసిందా, తెలిసిన రోజు ఏం చేసింది. నిన్న తల్లిని లాగేస్తున్నప్పుడు నేల అదిరింది, అప్పుడు ఇది కూడా కదిలిందేమో, ఉన్న నాలుగు వేళ్ళూ తెగాయేమో.

"అమ్మా, మళ్ళీ గీరుతున్నావు" అంది సుప్రజ.

"గీరట్లేదే. దుమ్ము తుడుస్తున్నాను."

"గోటితోనా?"

లోపల ఫోను మోగింది. ఫోను మోగితే ముందు ఊళ్ళో ఎవరో పోయారనే అనుకోవడం అలవాటు, అనుకుంటూనే పరుగెత్తింది. అంజన్న. వెనకాల లారీ చప్పుడు.

"అక్కా, ఇయ్యాల రానక్కా. పూల లారీ పోతున్నది, మా మేనేజరు ముదీరు ఇడుస్తలేడు."

"అయ్యో అంజన్నా! రేపొద్దున్నే తవ్వేస్తారే!"

"నువ్వే తియ్యి."

"నేనా! నా చెయ్యి పడి రెండు చచ్చాయి."

"చెయ్యి పడి కాదక్కా, యాళ్ల తప్పి సచ్చినయ్. ఇప్పుడు ఆకు కన్ను ఎట్లున్నది?"

"ఉబ్బింది. నూకగింజంత. పొద్దున్న కొంచెం ఎరుపు కూడా కనపడింది."

"నోరు తెరిచిందా?"

"లేదు. మూసుకునే ఉంది."

"నీ అసొంటిది కాదన్నట్టు. మంచిగున్నది. నాలుగొద్దులైతే తెరుస్తది, ఇగ అప్పుడు ముట్టొద్దు. ఇయ్యాలనే దాని దినం. మట్టిగడ్డతోటే తియ్యి, ఏరుకు గాలి తాకనియ్యకు. పొద్దు గూకకముందే నీళ్ళు వట్టు. ఉంటనక్కా, పిలుస్తున్నరు."

ఫోను పెట్టేసింది. ఇయ్యాలనే దాని దినం. మృగశిర కాదు, వాన కాదు, నూకగింజంత ఉబ్బి నోరు విప్పని ఈ శుక్రవారం. ఏ క్యాలెండరులోనూ ఉండదు. మరి తాను రోజూ నాలుగుసార్లు దాని ముందు కూర్చోకపోతే, పొద్దున్నే ఆ ఎరుపు కనిపించేదా? కనిపించకపోతే అంజన్నకి ఏమని చెప్పేది? వంటింట్లోంచి అట్లకాడ, పెద్ద గరిటె, కూరల కత్తి, తడిపిన గోనెపట్టా తీసుకుంది. సుబ్బరామయ్య గారు కళ్ళు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చి, "రేపు అట్లు దేనితో తిప్పుతావే?" అన్నారు. "మీ ఎక్స్‌రే కాయితంతో" అంది, అని తనే ఆశ్చర్యపోయింది, ఆయన లుంగీ మడిచి పక్కన కూర్చున్నారు.

పుల్లకి జానెడు దూరంలో చుట్టూ గీత గీసి అట్లకాడ దింపింది. పైన అంగుళం మట్టి చల్లగా, కింద ఇంకోలా, కొంచెం మెత్తగా, లోపల నేల వెచ్చగా ఉంటుందని ఎవరనుకున్నారు. మూడు వైపులా సులువుగానే దిగింది. వేరు కనపడింది, ఒకటి, రెండు, ఆ తరవాత లెక్కపెట్టలేనన్ని, తెల్లగా, మట్టిని పిడికిట్లో పట్టుకున్నట్టు. "ఉన్నాయే" అంది పైకి, ఎవరితోనో. "ఉన్నాయి కదే." గోడ వైపు మాత్రం గడ్డ కదల్లేదు. ఎత్తితే లేవలేదు. చేయి దూర్చి తడిమితే చిటికెన వేలంత లావు వేరొకటి, అన్నిటికన్నా పొడుగుది, నేరుగా గోడ కిందికి పోయింది. తడిమిన కొద్దీ పోతూనే ఉంది, అటు ఇంటివైపు. ఇటు తన నీళ్ళున్నాయి, బట్టల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, పోయిన వేసవంతా తాను పోసిన నీళ్ళన్నీ ఇటే ఉన్నాయి. అటు నీళ్ళు పోసేవాళ్ళు లేక ఏడాదిన్నర. అయినా అటెందుకు పోయింది. తల్లిని వెతుక్కుంటూనా? చెట్టుకి అలాంటివి ఉంటాయా? గోడ నీడన మట్టి ఆరదు కాబట్టేమో, మంచు అక్కడికి దిగదు కాబట్టేమో. లేక తిన్నగా పోతుంటే గోడ అడ్డం రావడం దానికి తెలియనే తెలియదేమో. నేల మీద మనుషులు కట్టింది నేల లోపల ఎంత లోతుదాకా ఉంటుంది. బాలామణి బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి, ఆ సందులోకి చూసింది. చీకటి. మట్టి వాసన. ఎంత దూరం పోయిందో చూడాలని ప్రాణం కొట్టుకుంది, గోడ వాళ్ళు రేపు ఎలాగూ తవ్వుతారు, అప్పుడు చూడొచ్చు, అప్పటికి ఇది ఉండదు.

"కోస్తే చచ్చిపోతుందేమో అమ్మా" అంది సుప్రజ, అచ్చం అమ్మ గొంతుతో.

"ఈ చిన్నవన్నీ ఉన్నాయి కదా" అన్నారు సుబ్బరామయ్య గారు, ఎవరికీ నచ్చజెప్పని గొంతుతో.

పన్నెండేళ్ళ పిల్ల నోట్లోంచి తన మాట తనకే వినపడేసరికి బాలామణికి ఎలాగో అయింది. కత్తి తీసుకుంది. ఈసారి వంకరగా తెగిందో తిన్నగా తెగిందో గమనించలేదు, వేరు కోసిన చోట ఏ రంగు ఉంటుందో చూడాలనే ధ్యాసలో ఉంది. తెల్లగా ఉంది, చివర కొంచెం తడి. గడ్డ చేతుల్లోకి వచ్చేసింది, అనుకున్నదానికన్నా బరువుగా. గోనెలో చుట్టి పసిదాన్ని ఎత్తినట్టు ఎత్తుకుని వంటింటి గోడ వారకి నడిచింది, ఆయన ముందు నడుస్తూ రాళ్ళు తీశారు, సుప్రజ వెనకాల బకెట్ పట్టుకొచ్చింది. గుంటలో పెట్టి, మట్టి వేసి, మడమతో తొక్కబోయి, ఆగి, అరచేతులతో చుట్టూ అదిమింది. నీళ్ళు పోస్తే బుడగలు లేచాయి, ఇంకాయి, మళ్ళీ పోస్తే మళ్ళీ ఇంకాయి. ఎండ గోడ పైకి ఎక్కిపోతోంది. ముగ్గురూ నిలబడి ఆ మోకాలెత్తు పుల్లని చూశారు, అది ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు నిలబడింది.

"బతుకుతుందా?" అంది సుప్రజ.

"ఏమోనే" అంది బాలామణి. "నాకూ చూడాలనే ఉంది."

సుప్రజ తల్లి మొహంలోకి చూస్తూ, ఏమో తరవాత ఎప్పుడూ వచ్చే, పోనీ చచ్చిపోతేనో అన్న రెండో మాట కోసం ఆగింది. అది రాలేదు.